గృహరుణం ముందస్తు చెల్లింపు

ఇంటి కోసం తీసుకున్న అప్పును ఒప్పందంలో రాసుకున్న గడువుకు ముందే, నెల వాయిదాకు తోడు అదనపు సొమ్ము కట్టి తీర్చేయడాన్ని ముందస్తు చెల్లింపు అంటారు. బ్యాంకుల వాడుకలో దీనికి రెండు రూపాలున్నాయి. అప్పులో కొంత కడితే పార్ట్ పేమెంట్, మిగిలిందంతా ఒక్కసారే కట్టి ఖాతా మూసేస్తే ఫోర్‌క్లోజర్. ఈ వ్యాసం ఎక్కువగా మొదటిదాని గురించి. నెల జీతం మీద నడిచే కుటుంబం ఇంటి ఖర్చులోంచి వెయ్యో రెండు వేలో మిగిల్చి, ఇరవై ఏళ్ల అప్పును పదిహేడేళ్లకో పన్నెండేళ్లకో దించుకునే పద్ధతి ఇది. భారతదేశంలో 2012కు ముందు ఇలా కట్టాలంటే బ్యాంకుకు జరిమానా చెల్లించాల్సి వచ్చేది. ఆ తర్వాతే ఇది సామాన్య కుటుంబాలకు నిజంగా పనికొచ్చే దారి అయింది.

వాయిదాలో అసలెంత, వడ్డీ ఎంత

రూ.40 లక్షల అప్పు, 8.5 శాతం వార్షిక వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా, అంటే ఈఎంఐ, రూ.34,713 పడుతుంది. మొదటి నెల కట్టిన ఆ మొత్తంలో రూ.28,333 వడ్డీకే పోతుంది. అసలు కిందికి చేరేది రూ.6,380 మాత్రమే. రెండో నెల ఆ తగ్గిన అసలు మీద వడ్డీ లెక్కిస్తారు కాబట్టి వడ్డీ భాగం రూ.45 తగ్గుతుంది, అసలు భాగం అంతే పెరుగుతుంది. ఇలా నెలనెలా జరుగుతూ పోయి, వాయిదాలో వడ్డీ కన్నా అసలు ఎక్కువయ్యేసరికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. పదేళ్లు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టినవారు స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఇంకా రూ.28 లక్షలు బాకీ కనిపిస్తుంది. గడువు సగం గడిచింది, అప్పు మాత్రం మూడో వంతు కూడా తీరలేదు. గడువంతా కడితే మొత్తం చెల్లించేది రూ.83.31 లక్షలు, అందులో వడ్డీయే రూ.43.31 లక్షలు.

తెలుగునాట బయటి అప్పుల వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. ఆ లెక్కలో గృహరుణం నూటికి 71 పైసల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన అనుభవం ఉన్న ఇళ్లలో ఇది చాలా చవకగా కనిపిస్తుంది, నిజానికి చవకే. అందుకే దీన్ని త్వరగా తీర్చాలన్న తొందర ఎవరికీ పుట్టదు. భారం రేటులో కన్నా కాలంలో ఎక్కువ ఉంది. ఇరవై ఏళ్లు సాగితే 71 పైసల వడ్డీ కూడా అసలును మించిపోతుంది. కాబట్టి ఈ అప్పు మీద పొదుపు చేయాలనుకునేవారు కోయాల్సింది గడువును.

చిన్న మొత్తాలు చేసే పని

అదనంగా కట్టిన ప్రతి రూపాయీ నేరుగా అసలులోకి వెళుతుంది, ఎందుకంటే ఆ నెల వడ్డీని మామూలు వాయిదా అప్పటికే తీర్చేసి ఉంటుంది. పై ఉదాహరణలో మొదటి నెల నుంచీ రూ.2,000 కలిపి కడుతూ పోతే అప్పు 240 నెలలకు బదులు 210 నెలల్లో తీరుతుంది. రెండున్నరేళ్లు ముందుగా తీరడమే కాక దాదాపు రూ.6.47 లక్షల వడ్డీ మిగులుతుంది. ఏడాదికి పన్నెండు వాయిదాలకు బదులు పదమూడు కట్టేవారు, అంటే బోనసో మరొకటో చేతికొచ్చినప్పుడు ఒక ఈఎంఐ అదనంగా వేసేవారు, 16 ఏళ్ల 9 నెలల్లో బయటపడతారు. వడ్డీలో రూ.8.2 లక్షలు తగ్గుతాయి.

అన్నిటికన్నా బలమైనది జీతంతో పాటు వాయిదాను పెంచుకుంటూ పోవడం. ఏటా 5 శాతం చొప్పున ఈఎంఐ పెంచితే, మొదటి ఏడాది రూ.34,713గా ఉన్నది రెండో ఏడాది రూ.36,449 అవుతుంది. పెరిగింది రూ.1,736. ఇంక్రిమెంటు వచ్చిన ఇంట్లో ఇది పెద్దగా తెలియదు. అలా చేస్తే అప్పు 12 ఏళ్ల 3 నెలల్లో తీరిపోతుంది, వడ్డీ రూ.43.31 లక్షల నుంచి సుమారు రూ.27.7 లక్షలకు దిగుతుంది. అయితే చివరి నెలల్లో వాయిదా రూ.62 వేలు దాటుతుంది. కాబట్టి జీతం నిజంగా పెరిగే ఉద్యోగాల్లో ఉన్నవారికే ఈ దారి నప్పుతుంది. ఆదాయం ఎగుడుదిగుడుగా ఉండే చిన్న వ్యాపారులకు పదమూడో వాయిదా పద్ధతే క్షేమం.

ఎప్పుడు కడుతున్నామన్నది ఎంత కడుతున్నామన్నదానితో సమానంగా లెక్కకొస్తుంది. ఇదే అప్పులో మొదటి ఏడాది చివర రూ.లక్ష అదనంగా కడితే దాదాపు 14 వాయిదాలు తగ్గి, రూ.3.78 లక్షల వడ్డీ మిగులుతుంది. అదే లక్ష పదేళ్ల తర్వాత కడితే మిగిలేది రూ.1.29 లక్షలు. పిల్లల చదువులు అయిపోయాక ఒకేసారి పెద్ద మొత్తం కట్టేద్దామని ఆగేవాళ్లు చాలామంది. వాళ్లు పోగొట్టుకునేది ఈ తేడానే.

ఇంకో తేడా బ్రాంచి కౌంటరు దగ్గర తేలుతుంది. పార్ట్ పేమెంట్‌కు వెళ్లినప్పుడు ఇచ్చే ఫారంలో రుణ ఖాతా నంబరు, కట్టే మొత్తం రాశాక ఒక ప్రశ్న ఉంటుంది: ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా? అదే మొదటి ఏడాది లక్ష రూపాయలకు ఈఎంఐ తగ్గించమని టిక్కు పెడితే నెలకు రూ.885 తగ్గుతుంది, మిగిలిన 19 ఏళ్లలో ఆదా అయ్యే వడ్డీ సుమారు రూ.1.02 లక్షలు. గడువు తగ్గించమంటే రూ.3.78 లక్షలు. కట్టిన సొమ్ము అదే, కట్టిన రోజూ అదే. ఇంట్లో వాయిదా కట్టడమే కష్టంగా ఉన్నప్పుడు ఈఎంఐ తగ్గించుకోవడంలో తప్పు లేదు. ఆ ఇబ్బంది లేనివారు గడువు గడిలోనే టిక్కు పెట్టాలని ఈ వ్యాసకర్త గట్టిగా చెబుతాడు.

ఆన్‌లైన్‌లో కట్టేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. రుణ ఖాతాకు మామూలుగా సొమ్ము బదిలీ చేస్తే కొన్ని సంస్థల్లో అది అసలులో తగ్గకుండా వచ్చే నెల వాయిదాకు ముందుగా కట్టినట్టు నమోదవుతుంది. యాప్‌లో పార్ట్ పేమెంట్ అని విడిగా ఉన్న చోటే కట్టాలి. కట్టిన రెండు మూడు రోజులకు స్టేట్‌మెంట్ తీసి, బాకీ అసలు వరసలో సరిగ్గా అంత మొత్తమూ తగ్గిందో లేదో చూసుకోవాలి. తగ్గకపోతే ఆ నెలే లిఖితపూర్వకంగా అడగాలి.

ఇంటి లెక్కలోంచి సొమ్ము తీయడం

నెలాఖరున మిగిలింది కడదామనుకుంటే ఏ ఇంట్లోనూ మిగలదు. జీతం ఒకటో తేదీన పడి, ఈఎంఐ ఐదున కోతపడే ఇంట్లో అదనపు రెండు వేలు కూడా ఐదో తేదీనే కదలాలి. బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వడం అన్నిటికన్నా సులువు. కొన్ని సంస్థలు పార్ట్ పేమెంట్‌కు కనీస మొత్తం పెడతాయి, ఒక ఈఎంఐకి తక్కువ కాకూడదంటాయి. అలాంటప్పుడు ఆ సొమ్మును వేరే రికరింగ్ డిపాజిట్‌లో పోగేసి ఏడాదికి ఒకటి రెండుసార్లు కట్టవచ్చు.

బడ్జెట్ వేసేటప్పుడు కుటుంబాలు పొరబడేది నెల ఖర్చుల్లో కాదు, ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్లో. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఎండాకాలంలో ఏసీ వల్ల పెరిగే కరెంటు బిల్లు. దసరా, సంక్రాంతి బట్టలు, ఊరి ప్రయాణాలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో వరసగా వచ్చే పెళ్లిళ్లకు చదివింపులు. బండి బీమా, ఇంటి పన్ను. వీటన్నిటినీ కలిపి పన్నెండుతో భాగించి ఆ మొత్తాన్ని నెల ఖర్చుగానే పక్కన పెట్టాలి. అది పోగా మిగిలేదే అప్పు మీదికి మళ్లించగలిగిన అసలైన సొమ్ము. ఈ లెక్క వేయకుండా మొదలుపెట్టినవారు జూన్ రాగానే క్రెడిట్ కార్డు మీద పడతారు. ఒక చేత్తో 8.5 శాతం అప్పు తగ్గిస్తూ ఇంకో చేత్తో 36 శాతం దాటిన అప్పు పెంచుకుంటారు.

నెల జీతం వెలుపల వచ్చే సొమ్ము ఈ పనికి బాగా అక్కరకొస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగులకు డీఏ బకాయిలు, పీఆర్సీ పెంపు ఉంటాయి. సింగరేణి కార్మికులకు దసరా ముందు కంపెనీ లాభాల్లో వాటా అందుతుంది. ఐటీ ఉద్యోగులకు ఏడాది బోనస్ వస్తుంది. వచ్చిన దాంట్లో సగం ఇంటి సరదాలకు, సగం అప్పుకు అని ముందే ఇంట్లో అందరూ అనుకుని పెట్టుకుంటే మాట నిలుస్తుంది. మొత్తం అప్పుకే అన్న ఇళ్లలో రెండో ఏడాదికే విసుగొస్తుంది.

చీటీ పాట మన ఇళ్లలో మామూలే కనుక దాని సంగతీ చెప్పుకోవాలి. గృహరుణం తీర్చడానికని చీటీని తొలి నెలల్లోనే ఎక్కువ తగ్గింపుకు పాడుకోవడం దండగ. ఆ పాటలో వదులుకునే సొమ్ము లెక్క కడితే 8.5 శాతం దాటిపోయే అవకాశమే ఎక్కువ. పాట తగ్గిన చివరి నెలల్లో ఎత్తుకుని ఆ మొత్తం అప్పుకు కట్టడం మేలు. చీటీ నడిపేది 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన సంస్థ అయి ఉండాలన్నది ఎటూ తప్పని షరతు.

జరిమానా పోయిన కథ

తాకట్టు పెట్టిన ఆస్తిని బాకీ తీర్చి విడిపించుకునే హక్కు మన చట్టంలో పాతది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్ దాన్ని గుర్తించింది. కానీ ఆ హక్కు పుట్టేది అప్పు గడువు తీరాక. గడువుకు ముందే కడతానంటే ఒప్పందంలో ఏముందో అదే చెల్లుబాటయ్యేది. మధ్యతరగతికి ఇంటి అప్పులిచ్చే సంస్థగా 1977లో హెచ్‌డీఎఫ్‌సీ పుట్టింది, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఏర్పడింది, 2000 తర్వాత బ్యాంకులన్నీ పోటీపడి అప్పులిచ్చాయి. ఆ రోజుల్లో ముందుగా తీర్చేవారి నుంచి మిగిలిన బాకీ మీద 2 శాతమో అంతకన్నా ఎక్కువో వసూలు చేయడం మామూలు. వడ్డీ ఆదాయం పోతుందన్నది బ్యాంకుల వాదన. వడ్డీ తక్కువున్న మరో బ్యాంకుకు మారకుండా ఖాతాదారును కట్టిపడేయడమే దాని అసలు ప్రయోజనమన్నది ఖాతాదారుల ఆరోపణ, అందులో నిజముంది.

మొదట కదిలింది నేషనల్ హౌసింగ్ బ్యాంకు. 2010, 2011లో గృహరుణ సంస్థలకు ఇచ్చిన ఆదేశాలతో జరిమానాను కట్టడి చేసింది. ఖాతాదారుల సేవలపై సెబీ మాజీ చైర్మన్ ఎం. దామోదరన్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది. 2012 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఎప్పటికప్పుడు మారే ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాలపై ముందస్తు చెల్లింపు జరిమానా వసూలు చేయరాదని బ్యాంకులను ఆదేశించింది. 2014 మేలో దాన్ని వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ టర్మ్ లోన్లన్నిటికీ వర్తింపజేసింది. 2025 జులైలో ఇచ్చిన సమగ్ర ఆదేశాలు 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, పునరుద్ధరించే రుణాలకు వర్తిస్తాయి. సొమ్ము సొంతదా, మరో బ్యాంకు నుంచి తెచ్చిందా అని చూడకూడదని, ఇంతకాలం వరకు కట్టకూడదన్న కనీస గడువు షరతు ఉండరాదని అవి స్పష్టం చేశాయి. స్థిర వడ్డీ అప్పుల సంగతి వేరు. వాటికి మంజూరు పత్రంలో రాసిన షరతులు చదువుకోవాల్సిందే.

రేటు మారినప్పుడు

ఫ్లోటింగ్ అప్పుల్లో వడ్డీ రేటు కొలమానం చాలాసార్లు మారింది. 2010 జులైలో బేస్ రేటు, 2016 ఏప్రిల్‌లో ఎంసీఎల్‌ఆర్ వచ్చాయి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త గృహరుణాలను రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) వంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలి. పాత పద్ధతిలోనే మిగిలిపోయినవారు ఇప్పటికీ ఉన్నారు. ముందస్తు చెల్లింపుకు సొమ్ము కూడబెట్టే ముందు వాళ్లు చేయాల్సిన పని, చిన్న రుసుము కట్టి కొత్త కొలమానానికి మారడం.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. చాలా బ్యాంకులు ఈఎంఐ కదపకుండా గడువు పెంచేశాయి. ఖాతాదారుకు నెల ఖర్చులో మార్పు కనిపించదు కాబట్టి తెలియనే తెలియదు. 6.75 శాతానికి రూ.40 లక్షలు తీసుకున్న వ్యక్తి ఈఎంఐ రూ.30,415. రేటు 9.25కి చేరితే అదే బాకీ మీద నెల వడ్డీయే రూ.30,833. వాయిదా మొత్తం కట్టినా వడ్డీకి చాలదు, అప్పు పెరుగుతూ పోతుంది. ఈ పరిస్థితి రాకుండా చూడాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రేటు మార్చినప్పుడు ఈఎంఐ పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, రెండూ కొంచెం కొంచెమా అన్నది ఖాతాదారును అడగాలి. ఎప్పుడైనా కొంత గానీ మొత్తం గానీ ముందే కట్టే వీలుండాలి. అసలు ఎంత తీరింది, వడ్డీ ఎంత కట్టారు, ఎన్ని వాయిదాలు మిగిలాయన్నది మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్‌గా ఇవ్వాలి. ఆ కాగితం తీసి మిగిలిన వాయిదాల సంఖ్య చూడటం ఐదు నిమిషాల పని.

రేటు తగ్గే రోజుల్లో అసలు కష్టపడకుండానే ముందస్తు చెల్లింపు చేయవచ్చు. 2025 ఫిబ్రవరి నుంచి రెపో రేటు తగ్గడం మొదలై జూన్‌కల్లా 5.5 శాతానికి వచ్చింది. 9 శాతం అప్పు 8 శాతానికి దిగితే రూ.40 లక్షలకు ఈఎంఐ రూ.35,989 నుంచి రూ.33,458కి తగ్గుతుంది. తగ్గిన వాయిదా వద్దు, పాత వాయిదానే ఉంచండని రాసిస్తే ఇరవై ఏళ్ల అప్పు దాదాపు మూడేళ్లు ముందే తీరుతుంది. అప్పటికే అలవాటుపడిన ఖర్చు కాబట్టి ఇంట్లో ఎవరూ ఏదీ వదులుకోనక్కర్లేదు.

ఎప్పుడు ఆగాలి

అప్పు తీర్చాలన్న పట్టుదలతో చేతిలో రూపాయి లేకుండా చేసుకోవడం ప్రమాదం. ఇంటి గోడల్లోకి వెళ్లిన సొమ్ము ఆసుపత్రి బిల్లుకు తిరిగి రాదు. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో సహా, విడిగా ఉంచుకోవాలి. కుటుంబానికి ఆరోగ్య బీమా, సంపాదించేవారి పేర టర్మ్ బీమా ఉండాలి. చేబదుళ్లు, క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ ముందు తీరాలి. ఆ తర్వాతే గృహరుణం వంతు. పీఎఫ్ తీసి అప్పు కట్టడం కూడా తొందరపాటే. 2023-24కి ఆ నిల్వ మీద వచ్చిన వడ్డీ 8.25 శాతం, అది రిటైరయ్యాక బతుకుతెరువు. చేతిలో సొమ్ము ఉంచుకుంటూనే వడ్డీ తగ్గించుకోవాలనుకునేవారికి ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి గృహరుణాలున్నాయి. స్టేట్ బ్యాంకు మ్యాక్స్‌గెయిన్ అలాంటిది. ఖాతాలో ఉంచిన మిగులు మేరకు వడ్డీ పడదు, అవసరమైతే తీసుకోవచ్చు. కొంచెం ఎక్కువ రేటు పెడతారు కాబట్టి ఖాతాలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంచగలిగేవారికే అది లాభం.

పన్ను మినహాయింపు పోతుందన్న భయం చాలామందిని వెనక్కి లాగుతుంది. ఆదాయపు పన్ను పాత విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి ఏటా రూ.2 లక్షల వరకే మినహాయింపు. మన ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీ రూ.3.37 లక్షలు. పన్నెండో ఏడాది దాకా వడ్డీ రూ.2 లక్షలకు పైనే ఉంటుంది. ఆ పై భాగాన్ని తగ్గించుకుంటే పన్నులో పోయేదేమీ లేదు. 2023-24 నుంచి ఎంచుకోకపోయినా వర్తించే కొత్త విధానంలోనైతే సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. మినహాయింపు ఉన్నా, 30 శాతం పన్ను తప్పించుకోవడానికి నూరు రూపాయల వడ్డీ కట్టడమంటే డెబ్బై రూపాయలు వదులుకోవడమే.

ఇతర దేశాల్లో

అమెరికాలో 30 ఏళ్ల స్థిర వడ్డీ అప్పు వాడుకలో ఉంది. అక్కడ రెండు వారాలకోసారి సగం వాయిదా కట్టే పద్ధతి పేరుపడింది. ఏడాదికి 26 సగాలంటే పదమూడు వాయిదాలు, మనం పైన చూసిన లెక్కే. ఫ్రెడ్డీ మ్యాక్ సర్వేలో 30 ఏళ్ల రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి పడిపోయింది. ఆ రోజుల్లో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగువారికి ముందుగా తీర్చడం వల్ల ఒరిగేది తక్కువ. తర్వాతి రెండేళ్లలో కొన్ని పొదుపు ఖాతాలే అంతకన్నా ఎక్కువ వడ్డీ ఇచ్చాయి. బ్రిటన్‌లో రెండేళ్లకో ఐదేళ్లకో రేటు స్థిరంగా ఉంచే ఒప్పందాలెక్కువ. ఆ కాలంలో ఏటా బాకీలో 10 శాతం వరకు అదనంగా కట్టనివ్వడం సాధారణం, అది దాటితే జరిమానా పడుతుంది. ఆస్ట్రేలియాలో ఆఫ్‌సెట్ ఖాతా మన మ్యాక్స్‌గెయిన్‌కు దగ్గరి పద్ధతి.

చివరి వాయిదా తర్వాత

అప్పు తీరిందని ఎస్‌ఎంఎస్ వచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. రుణమిచ్చిన సంస్థ 30 రోజుల్లోగా దస్తావేజులన్నీ, లింకు డాక్యుమెంట్లతో సహా, తిరిగివ్వాలి. రిజిస్ట్రీలో నమోదైన తనఖానూ తొలగించాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున పరిహారమివ్వాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కాగితాలు పోతే నకళ్లు తెప్పించే ఖర్చూ ఆ సంస్థదే. అప్పు తీసుకున్న రోజు ఇచ్చిన దస్తావేజుల జాబితా దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసి తీసుకోవాలి. నో డ్యూస్ సర్టిఫికెట్, ఇచ్చిన ఖాళీ చెక్కులు, ఈఎంఐ ఆటో డెబిట్ రద్దు కూడా అదే రోజు అడగాలి. అప్పుతో పాటు అంటగట్టిన ఒకే ప్రీమియం బీమా పాలసీ ఉంటే, మిగిలిన కాలానికి సొమ్ము తిరిగొస్తుందేమో పాలసీ చదివి అడగాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దస్తావేజులు బ్యాంకులో పెట్టిన తనఖాను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేసి ఉంటే, దాని విడుదలనూ అక్కడే నమోదు చేయించాలి. లేకపోతే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆ తనఖా అలాగే కనిపిస్తూ ఉంటుంది. తర్వాత ఇల్లు అమ్మేటప్పుడో, పిల్లల పేర రాసేటప్పుడో బ్యాంకు చుట్టూ మళ్లీ తిరగాల్సి వస్తుంది. విడుదల నమోదైన కొన్ని వారాలకు ఆన్‌లైన్‌లో కొత్త ఈసీ తీసి, తనఖాలు నమోదయ్యే సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీలోనూ పేరు తొలగిందో లేదో చూసుకోవాలి. క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా మూసినట్టు పడిందో లేదో కూడా అప్పుడే చూడవచ్చు.